ఒక్క ఫైల్‌లో 46 ఫ్లాంజ్‌లు: డిజైన్ డేటా సందేహాలకు సమాధానాలు

డిజైన్ డేటా నిర్వహణపై ఈ నెల అందిన ఉత్తరాలలో అయిదింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాము. అయిదూ పార్ట్ ఫ్యామిలీల గురించినవే. ఆకారం ఒకటే అయి కొలతలు మాత్రం మారే భాగాలను విడివిడిగా గీయకుండా, ఒక మూల నమూనాకు ఒక పట్టికను జతచేసి, ఆ పట్టికలో ఒక్కో వరుస ఒక్కో సైజు అయ్యేలా నిర్మించడాన్నే పార్ట్ ఫ్యామిలీ అంటున్నాము. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్‌లలో చూస్తే, దీనినే సాలిడ్‌వర్క్స్‌లో కాన్ఫిగరేషన్లు, డిజైన్ టేబుల్ అనీ, ఇన్వెంటర్‌లో ఐపార్ట్ అనీ, క్రియోలో ఫ్యామిలీ టేబుల్ అనీ పిలుస్తారు. గీసేటప్పుడు కలిగే సుఖం అన్నింటిలోనూ ఒకటే. గీసినదాన్ని భద్రపరచి, రివిజన్ వేసి, షాప్ ఫ్లోర్‌కు పంపేటప్పుడు వచ్చే చిక్కులు మాత్రం దేనివి దానికే.

ప్రశ్న: మా సంస్థలో ప్రెషర్ వెసెల్స్, పైపింగ్ స్కిడ్లు తయారు చేస్తాము. సాలిడ్‌వర్క్స్, దాని ఫైళ్లను భద్రపరచి మార్పుల చరిత్ర ఉంచే పీడీఎం వాడుతున్నాము. వెల్డ్ నెక్ ఫ్లాంజ్‌లన్నీ (పైపుకు వెల్డ్ చేసే మెడ, బోల్టులతో బిగించే పళ్లెం ఉన్న భాగాలు) ఒకే ఫైల్‌లో 46 కాన్ఫిగరేషన్లుగా ఉన్నాయి. ఇటీవల ఒక ఖాతాదారు 4 అంగుళాల ఫ్లాంజ్ మెడ పొడవును 12 మిల్లీమీటర్లు పెంచమన్నారు. మార్చి రిలీజ్ చేయగానే ఫైల్ మొత్తం రివిజన్ బి నుంచి సి కి మారింది. స్టోర్స్‌లో బి ముద్రతో ఉన్న తక్కిన 45 సైజులనూ క్వాలిటీ విభాగం పక్కన పెట్టించింది. సాఫ్ట్‌వేర్ తీరే అంత అని మా అడ్మినిస్ట్రేటర్ అంటున్నారు. వేరే దారి లేదా?
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: మీ అడ్మినిస్ట్రేటర్ చెప్పినదాంట్లో సగం నిజముంది. పీడీఎంలో తాళం పడేదీ, వెర్షన్ పెరిగేదీ, స్థితి మారేదీ ఫైల్‌కే గానీ కాన్ఫిగరేషన్‌కు కాదు. 4 అంగుళాల ఫ్లాంజ్ కోసం మీరు ఫైల్‌ను చెక్ ఔట్ చేస్తే, అంటే సవరణకు మీ పేరిట తీసుకుంటే, 6 అంగుళాల ఫ్లాంజ్‌ను సవరించవలసిన మీ సహోద్యోగి మీరు చెక్ ఇన్ చేసేదాకా (తిరిగి అప్పగించేదాకా) ఆగవలసిందే. ఫైల్‌ను రిలీజ్ స్థితి నుంచి వెనక్కి తెస్తే 46 సైజులూ కలిసే వెనక్కి వస్తాయి. ఇది రేషన్ కార్డు వంటిది: ఇంట్లోవారందరి పేర్లూ ఉంటాయి కానీ కార్డు ఒకటే. స్టోర్స్‌కూ, పర్చేజ్‌కూ, క్వాలిటీకీ కావలసినది ఆధార్, అంటే ఎవరి నంబరు వారికి, ఎవరి చరిత్ర వారికి. మీ ఇబ్బంది అంతా రేషన్ కార్డును ఆధార్‌గా వాడబోవడంలోనే ఉంది.

అయితే సాఫ్ట్‌వేర్ కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మెడ పొడవు 12 మిల్లీమీటర్లు పెరిగిన ఫ్లాంజ్ అసలు పాత ఫ్లాంజ్‌కు కొత్త రివిజనేనా? ఆకారం, అమరిక, పని ఈ మూడింటిలో ఏది మారినా, అంటే పాతది ఉన్నచోట కొత్తదాన్నీ, కొత్తది ఉన్నచోట పాతదాన్నీ నిశ్చింతగా బిగించలేని స్థితి వచ్చినా, అది కొత్త పార్ట్ నంబరు కావాలనేది ఈ వృత్తిలో చాలాకాలంగా స్థిరపడిన నియమం. మెడ పొడవు మారితే వెసెల్ గోడ నుంచి ఫ్లాంజ్ ముఖం దాకా ఉన్న దూరం మారుతుంది, దానికి తగిలే పైపు పొడవు మారుతుంది. కాబట్టి పాత 4 అంగుళాల వరుసను ముట్టుకోకుండా పట్టికలో 47వ వరుసను చేర్చి, దానికి కొత్త నంబరు ఇచ్చి ఉండవలసింది. ఈ ఒక్క నిర్ణయం సరిగ్గా జరిగి ఉంటే క్వాలిటీ విభాగం దాకా ఈ గొడవ వెళ్లేదే కాదు.

వరుస చేర్చినా ఫైల్ మారుతుంది కదా అని మీరు అడగవచ్చు. మారుతుంది, కానీ మారేది ఫైల్ వెర్షన్. ప్రతి చెక్ ఇన్‌కూ దానంతట అది పెరిగే సంఖ్య వెర్షన్. మనుషులు చూసి, ఒప్పుకుని, సంతకం చేసి ఇచ్చే అక్షరం రివిజన్. ఈ రెండింటినీ ఒకటిగా చూసే కార్యాలయాలు తక్కువేమీ కాదు. పీడీఎం డేటా కార్డులో ఒక్కో కాన్ఫిగరేషన్‌కు ఒక్కో ట్యాబ్ ఉంటుంది, ఫైల్ మొత్తానికి వర్తించే విలువలకు వేరే ట్యాబ్ ఉంటుంది. రివిజన్ గడిని కాన్ఫిగరేషన్ ట్యాబుల్లో పెట్టించండి, డ్రాయింగ్ టైటిల్ బ్లాక్ ఆ గడినే చదివేలా చేయించండి, రిలీజ్ వర్క్‌ఫ్లో దానిని అన్ని కాన్ఫిగరేషన్లలో ఒకేసారి తిరగరాయకుండా మీ అడ్మినిస్ట్రేటర్ చేత సరిచేయించండి. ఇదే పనిగా ఇంకొకటి కూడా చూసుకోండి. బిల్ ఆఫ్ మెటీరియల్స్‌లో (భాగాల జాబితాలో) పార్ట్ నంబరుగా ఫైల్ పేరు కనిపించాలా, కాన్ఫిగరేషన్ పేరు కనిపించాలా, మీరు ఇచ్చిన నంబరు కనిపించాలా అన్నది ఒక్కో కాన్ఫిగరేషన్ లక్షణాల్లో ఎంచుకోవచ్చు. అది ఫైల్ పేరు వద్దే ఉండిపోతే 46 ఫ్లాంజ్‌లూ ఒకే నంబరుతో పర్చేజ్‌కు చేరతాయి.

ఇంత చేసినా తాళమూ స్థితీ ఫైల్‌వే కనుక ఇది అతుకు మాత్రమే. నా అభిప్రాయం అడిగితే గీత ఇలా గీస్తాను. బయట కొనే ప్రామాణిక భాగాలు, ఉదాహరణకు ఐఎస్ఓ 4762 ప్రకారం చేసిన అలెన్ బోల్టులు, ఎన్ని సైజులున్నా ఒకే ఫైల్‌లో ఉండవచ్చు. ఎం8 బోల్టు తల వ్యాసం 13 మిల్లీమీటర్లని మీరు నిర్ణయించలేదు, రేపు మార్చబోయేదీ మీరు కాదు, వాటికి మీ డ్రాయింగ్ లేదు, మీ రివిజన్ లేదు. మీ డ్రాయింగ్‌తో మీ షాపులోనో మీ జాబ్ వర్క్ షాపులోనో తయారయ్యే భాగానికి మాత్రం ఒక నంబరుకు ఒక ఫైల్ ఉండాలి. దీనికి ఖరీదు లేకపోలేదు: మూల నమూనాలో ఒక మార్పు చేస్తే అన్ని సైజులకూ పాకే సౌకర్యం పోతుంది. కానీ రిలీజ్ అయిన భాగాలకు ఒక మార్పు తనంతట తాను పాకడం మనకు కావలసిన సౌకర్యమేనా అన్నది ఆలోచించుకోవాలి.

46 సైజులనూ ఒక్క ఆదివారం కూర్చుని విడగొట్టే సాహసం చేయకండి. పాత ఫైల్‌ను ఉన్నచోటే ఉంచండి. ఏ సైజుకు తరువాతి మార్పు వస్తే ఆ సైజును అప్పుడు వేరే ఫైల్‌గా, సొంత నంబరుతో దాచండి. పాత అసెంబ్లీలు పాత కాన్ఫిగరేషన్‌నే వెతుక్కుంటాయి కనుక దానిని పట్టిక నుంచి తొలగించవద్దు. తొలగిస్తే, అసెంబ్లీ తెరిచినప్పుడు ఆ కాన్ఫిగరేషన్ దొరకలేదన్న సందేశంతో పాటు ఫైల్ చివరిసారి ఏ సైజులో దాచబడిందో ఆ సైజు వచ్చి కూర్చుంటుంది. ఆ సందేశాన్ని చదవకుండా ‘సరే’ నొక్కే అలవాటు మనలో ఎంతమందికి ఉందో నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: ఎక్సెల్‌లో తయారుచేసిన డిజైన్ టేబుల్‌లో కొన్ని పార్ట్ నంబర్లు వాటంతట అవే మారిపోతున్నాయి. 00451 అన్నది 451 అయింది, 3-12 అన్నది తేదీ అయింది. ఏమి చేయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ గళ్లకు విలువలు నింపకముందే ‘టెక్స్ట్’ ఫార్మాట్ పెట్టండి. నింపాక పెడితే పోయిన సున్నాలు తిరిగి రావు. అంకెల మధ్య ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం వచ్చే నంబర్లు ఇంకా ప్రమాదకరం. 25 తరువాత ఆ అక్షరం, దాని తరువాత 4 రాస్తే ఎక్సెల్ దానిని 25ను పదివేలతో హెచ్చించమన్నారని అర్థం చేసుకుని 2,50,000 చేసేస్తుంది. 15 అంకెలు దాటిన సంఖ్యలో ఆ పై అంకెలు సున్నాలైపోతాయి. అందుకే పార్ట్ నంబరు అక్షరంతో మొదలవడం, అందులో అడ్డగీతకు రెండు వైపులా చిన్న అంకెలు లేకుండా చూసుకోవడం మేలు. ఈ బాధ మన ఒక్కరిదే కాదు. మానవ జన్యువుల పేర్లలో కొన్నింటిని ఎక్సెల్ మార్చి నెల, సెప్టెంబరు నెల తేదీలుగా మార్చేస్తున్నందున ఆ పేర్లను నిర్ణయించే సంఘమే 2020 నాటికి వాటి పేర్లు మార్చుకోవలసి వచ్చింది.

ప్రశ్న: ఇన్వెంటర్‌లో షాఫ్ట్ స్లీవ్‌లకు ఐపార్ట్ చేశాను. కీ గాడి వెడల్పు తప్పుగా ఉందని ఫ్యాక్టరీ ఫైల్‌లో (పట్టిక ఉన్న మూల ఫైల్‌లో) సరిచేసి, మా ఫైళ్లను భద్రపరచే వాల్ట్‌లోకి చెక్ ఇన్ చేశాను. కొన్నాళ్లకు మరొకరి కంప్యూటర్‌లో అసెంబ్లీ తెరిస్తే పాత గాడే ఉంది. నా కంప్యూటర్‌లో మాత్రం సరిగా ఉంది. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఐపార్ట్‌లో మీరు సరిచేసిన ఫ్యాక్టరీ వేరు, అసెంబ్లీలో కూర్చున్న సభ్య భాగం (పట్టికలోని ఒక వరుస నుంచి తయారైన సైజు) వేరు. సభ్య భాగం ప్రతిదీ డిస్కు మీద విడి ఫైల్. మామూలుగా ఫ్యాక్టరీ పక్కనే, ఫ్యాక్టరీ పేరుతోనే ఉండే ఫోల్డర్‌లో ఉంటుంది. ఫ్యాక్టరీలో చేసిన మార్పు సభ్యులకు చేరాలంటే వాటిని తిరిగి తయారు చేయించాలి. మీ కంప్యూటర్‌లో అవి కొత్తగా తయారై ఉంటాయి, కానీ వాటిని చెక్ ఔట్ చేయలేదు కనుక ఆ కొత్త ఫైళ్లు మీ సొంత ఫోల్డర్‌లోనే ఆగిపోయాయి. వాల్ట్‌లో కొత్త ఫ్యాక్టరీ, పాత సభ్యులు మిగిలారు. మీ సహోద్యోగికి వాల్ట్ ఇచ్చినవి అవే.

ఈ పనికి క్రమం ముఖ్యం. ముందు ఫ్యాక్టరీనీ సభ్యులనూ తాజా వెర్షన్లుగా తెచ్చుకోండి. మార్పు తగిలే సభ్యులను ఫ్యాక్టరీతో పాటే చెక్ ఔట్ చేయండి. పట్టికను సరిచేసి దాచి, సభ్య ఫైళ్లను తయారు చేయించే ఆదేశం ఇవ్వండి. ఒకటి రెండు సభ్యులను తెరిచి గాడిని కొలిచి చూడండి. ఆ తరువాతే అన్నింటినీ కలిపి చెక్ ఇన్ చేయండి. ఫ్యాక్టరీని ఒక రోజు, సభ్యులను మరొక రోజు చెక్ ఇన్ చేసే అలవాటు మానుకోండి. ఆ మధ్య కాలంలో వాల్ట్‌ను నమ్మి డ్రాయింగ్ తీసినవారికి అన్యాయం జరుగుతుంది.

సభ్యుల్లో కొన్ని అప్పటికే రిలీజ్ స్థితిలో ఉంటే వాటిని తిరగరాయడం కుదరదు, కుదరకూడదు కూడా. వాటిని మార్పు ఉత్తర్వుతో వెనక్కి తెచ్చి, కొత్త రివిజన్ వేసి, అప్పుడు తయారు చేయించాలి. గాడి తప్పు పట్టికలోని ఒక్క వరుసలో ఉంటే ఆ ఒక్క సభ్యుడికే రివిజన్ పెరుగుతుంది. మూల నమూనా స్కెచ్‌లోనే ఉంటే సభ్యులందరికీ పెరుగుతుంది, పెరగాలి కూడా. పటాన్‌చెరు పాఠకుడికి అందని వెసులుబాటు మీకు ఉన్నది ఇక్కడే. అక్కడ ఒక ఫైల్ మాత్రమే ఉంది, ఇక్కడ ఎవరి ఫైల్ వారికి ఉంది. దానికి బదులుగా ఫ్యాక్టరీకీ సభ్యులకూ మధ్య పొంతన చూసుకునే భారం మీ మీద పడింది.

మీ ఉత్తరంలో లేకపోయినా ఒక హెచ్చరిక చేస్తాను. భాగాన్ని అసెంబ్లీలో పెట్టేటప్పుడు పొడవు వంటి కొలతను అప్పటికప్పుడు అడిగే కస్టమ్ ఐపార్ట్ రకం ఒకటి ఉంది. ప్రతిసారీ అది కొత్త ఫైల్ పేరు అడుగుతుంది. 640 మిల్లీమీటర్ల పైపు ముక్కను ఇద్దరు డిజైనర్లు రెండు పేర్లతో దాస్తే ఒకే వస్తువుకు రెండు నంబర్లు పుడతాయి. ఒకే పేరుతో రెండు ఫైళ్లు రాకుండా వాల్ట్‌లో కట్టడి పెట్టవచ్చు గానీ, రెండు పేర్లతో ఒకే పైపు రాకుండా ఆపే కట్టడి అందులో లేదు. పేరులోనే పైపు సైజూ పొడవూ ఒకే వరుసలో వచ్చేలా నియమం పెట్టుకుంటే, రెండవవారు దాచబోయేటప్పుడు మొదటివారి ఫైల్ బయటపడుతుంది.

ప్రశ్న: మేము క్రియో, దాని డేటాను నిర్వహించే విండ్‌చిల్ వాడతాము. ఫ్యామిలీ టేబుల్‌లో ‘వెరిఫై’ నడిపితే అన్ని ఇన్‌స్టెన్స్‌లూ (పట్టిక వరుసల్లోని సైజులు) విజయవంతమని వచ్చాయి. అయినా ఒక సైజు తప్పుగా తయారై వచ్చింది. ఇక ‘వెరిఫై’కి అర్థం ఏమిటి? అలాగే, ఇప్పుడు వాడని మూడు వరుసలను తొలగించవచ్చా?
– పుణెలో పనిచేస్తున్న ఒక తెలుగు ఇంజనీరు

జవాబు: ప్రతి వరుసలోని విలువలతో నమూనా తిరిగి కట్టుకోగలదా లేదా అన్నంత వరకే ‘వెరిఫై’ చెబుతుంది. కట్టుకున్నది సరైన వస్తువా అన్నది దానికి తెలిసే అవకాశం లేదు. నేను చూసిన ఒక ఫ్లాంజ్ పట్టికలో వ్యాసం, మందం, రంధ్రాల వలయ వ్యాసం, రంధ్రం సైజు అన్నీ గళ్లుగా ఉన్నాయి కానీ రంధ్రాల సంఖ్య గడిగా లేదు, నమూనాలో 4 అని స్థిరపడిపోయింది. అమెరికన్ ప్రమాణం ఏఎస్ఎంఈ బీ16.5లో 150 క్లాస్ 3 అంగుళాల ఫ్లాంజ్‌కు 4 రంధ్రాలు, 4 అంగుళాల ఫ్లాంజ్‌కు 8 రంధ్రాలు. రెండింటికీ రంధ్రం సైజు ఒకటే, ముప్పావు అంగుళం. వలయ వ్యాసం 6 అంగుళాల నుంచి ఏడున్నరకు మారినా నమూనా 4 రంధ్రాలతో హాయిగా కట్టుకుంది, వెరిఫై పచ్చజెండా ఊపింది. బిగించేవేళ ఎదుటి ఫ్లాంజ్‌లో ఉన్న 8 రంధ్రాలను చూసి ఫిట్టర్ కనుక్కున్నాడు.

కాబట్టి వెరిఫై తరువాత ఒక మనిషి ప్రమాణ పుస్తకం ముందు పెట్టుకుని చూడవలసిన వరుసలు కొన్ని ఉంటాయి. అన్నింటికంటే చిన్న సైజు, పెద్ద సైజు తప్పనిసరి. వాటికంటే ముఖ్యమైనవి సంఖ్య మారే చోట్లు, అంటే రంధ్రాల సంఖ్య, కీ గాడుల సంఖ్య, పక్కటెముకల సంఖ్య, ఏదైనా ఫీచర్ ఉన్నదీ లేనిదీ మారే వరుసలు. కొలతలో తప్పు కంటికి తొందరగా తడుతుంది, ఎందుకంటే వస్తువు వింతగా కనిపిస్తుంది. సంఖ్యలో తప్పు జరిగిన వస్తువు మాత్రం చూడచక్కగానే ఉంటుంది.

తొలగింపు విషయానికి వస్తే, విండ్‌చిల్‌లో జెనెరిక్ (మూల నమూనా), ఇన్‌స్టెన్స్‌లు ఒక్కొక్కటీ విడి వస్తువులుగా, విడి నంబర్లతో కనిపిస్తాయి గానీ వాటి ఆకారం పుట్టేది ఆ ఒక్క జెనెరిక్ నుంచే. పట్టికలో వరుస తొలగించినంత మాత్రాన గతంలో దానిని వాడిన అసెంబ్లీలు దానిని మరచిపోవు. ‘వేర్ యూజ్డ్’ (ఎక్కడెక్కడ వాడారో చూపే జాబితా) చూడండి, తాజా వెర్షన్లలో మాత్రమే కాక పాత రివిజన్లలో కూడా చూడండి, డ్రాయింగులనూ చూడండి. పదేళ్ల క్రితం అమ్మిన యంత్రానికి విడిభాగం కావాలని ఖాతాదారు అడిగిన రోజున ఆ వరుస అవసరమవుతుంది. వాడుక ఆగిన సైజును కాలం చెల్లిన స్థితికి మార్చి, కొత్త అసెంబ్లీలలో పెట్టవద్దని డిజైనర్లకు కనిపించేలా పట్టికలో ఒక గడి పెట్టడంతో మీ పని పూర్తవుతుంది. ఎన్నడూ ఎక్కడా వాడని, పరీక్ష కోసం చేర్చిన వరుసలైతే నిస్సందేహంగా తీసేయండి.

ప్రశ్న: కేబుల్ ట్రేలకు గోడ బ్రాకెట్లు చేస్తాము. చేయి పొడవు 10 మిల్లీమీటర్ల నుంచి 500 దాకా, 5 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున, సైజులన్నీ ముందే పట్టికలో పెట్టి నంబర్లు ఇచ్చేయమని మా యజమాని అంటున్నారు. పట్టికలో వరుస చేర్చడానికి ఖర్చేముంది అన్నది ఆయన వాదన. నాకెందుకో మనస్కరించడం లేదు.
– ఒక పాఠకురాలు, బాలానగర్

జవాబు: ఆయన లెక్క ప్రకారం 99 వరుసలవుతాయి. వరుస రాయడానికి నిమిషం చాలు. కానీ ప్రతి వరుసకూ ఒక నంబరు, ఒక ధర, ఒక డ్రాయింగ్ లేదా డ్రాయింగ్ పట్టికలో ఒక గీత, స్టోర్స్‌లో ఒక అర, మార్పు వచ్చినప్పుడల్లా ఒక పరిశీలన తప్పవు. డేటా సాఫ్ట్‌వేర్‌లో వెతికే డిజైనర్‌కు 135, 140, 145 మూడూ కనిపిస్తే ముగ్గురు డిజైనర్లు మూడు ఎంచుకుంటారు; 140 ఒక్కటే కనిపిస్తే ముగ్గురూ దానితోనే సర్దుకుంటారు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఫ్రెంచి సైన్యపు ఇంజనీరు షార్ల్ రెనార్ 1870లలో బెలూన్లకు వాడే తాళ్ల సైజులు 425 ఉండగా వాటిని 17కు కుదించాడు. సైజులు సమాన దూరంలో కాక సమాన నిష్పత్తిలో పెరగాలన్నది ఆయన పట్టుకున్న కీలకం. ఆ వరుసలే తరువాత ఐఎస్ఓ 3 ప్రమాణంగా వచ్చాయి. పదింటి వరుసలో 10 నుంచి 100 దాకా పది మెట్లు: 10, 12.5, 16, 20, 25, 31.5, 40, 50, 63, 80, 100. ఎం1.6, ఎం2.5, ఎం4, ఎం10 బోల్టులలోనూ, పైపు ఫ్లాంజ్‌ల పీడన తరగతులు 10, 16, 25, 40, 63, 100 లోనూ మీరు రోజూ చూస్తున్నవి ఈ అంకెలే. చిన్న సైజులో 5 మిల్లీమీటర్ల తేడా పెద్ద తేడా, 10కీ 15కీ మధ్య అది సగం. 495కూ 500కూ మధ్య అది నూటికి ఒక వంతు, బ్రాకెట్ చేయికి లెక్కలోకే రాదు.

ఈ వరుసలో 10 నుంచి 500 దాకా పెట్టి చూడండి: 100 తరువాత 125, 160, 200, 250, 315, 400, 500 కలిపి మొత్తం 18 సైజులు వస్తాయి. అమ్మకాల దృష్ట్యా 31.5ను 32గా, 315ను 320గా సవరించుకోవడంలో తప్పు లేదు. మీ యజమానితో వాదనకు దిగేముందు గత రెండు సంవత్సరాల ఆర్డర్లు తీసి, ఏ పొడవు ఎన్నిసార్లు అమ్ముడైందో ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఆ 18లో ఇమడని పొడవు ఏదైనా నిజంగా అమ్ముడై, దగ్గరి పెద్ద సైజు ఇస్తే ఖాతాదారు ఒప్పుకోనిదై ఉంటే, దానిని 19వ వరుసగా చేర్చి నంబరు ఇవ్వండి.